ఎర్ర జత, నల్ల జత

ఫిబ్రవరి 3

పిట్టకి,

మీ వదిన రాస్తున్నది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకోకు. నా ఫోన్ నాకంటే మీ అన్నయ్యే ఎక్కువ చూస్తాడు. ఇది భోజనం గంటలో మా కళ్ళద్దాల షాపులో, అద్దాలు అరగదీసే మిషన్ పక్కన కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా షాపు అడ్రసుకే రాయి.

మొన్న ఆదివారం సైకిల్ క్లబ్బు వాళ్ళతో మొదటిసారి వెళ్ళాను. మీ అన్నయ్య తన పాత బూట్లు ఇచ్చాడు, అడుగున ప్లాస్టిక్ ముక్క ఉండి పెడల్లో టక్కుమని బిగుసుకునే రకం. దాన్నేదో క్లీట్ అంటారట. ఆ పెడల్ పేరేమో క్లిప్‌లెస్, అంటే పట్టే క్లిప్పు లేనిదని, చేసే పనేమో పట్టుకుని వదలకపోవడం. కాలు ఎలా తియ్యాలో ఒక్కసారి చెప్పాడు, అదీ తన చక్రానికి గాలి కొట్టుకుంటూ.

ఊరి బయట పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. బ్రేకు వేశాను, ఆగాను, కాలు కింద పెట్టబోయాను. కాలు రాలేదు. సైకిల్‌తో సహా మెల్లగా పక్కకి ఒరిగిపోయాను. ఒరుగుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది, చెయ్యగలిగింది ఏమీ లేదు. మోచెయ్యి గీరుకుపోయింది.

క్లబ్బుకి మీ అన్నయ్య కెప్టెన్ కదా, అందరికంటే ముందున్నాడు. వెనక్కి తిరిగి చూసి, తీరిగ్గా, "రోడ్డుకేమైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. పక్కనున్న బస్సు కిటికీల్లోంచి కూడా నవ్వారు. ఎవరో వీడియో తీశారు, క్లబ్బు గ్రూపులో పెట్టింది మాత్రం మీ అన్నయ్యే. సాయంత్రానికి మా షాపు ఓనరు కూడా చూశాడు. పైగా ఏప్రిల్లో జరిగే కొండ రైడ్‌కి నేను రానక్కర్లేదట, ఇంకో ఏడాది ఇంటి చుట్టూ తిరగమన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

క్లబ్బు ప్రెసిడెంటైన పళ్ళ డాక్టరుగారిని విడిగా అడిగాను. ఆగి, కాలు తీసి, మళ్ళీ తగిలించి చూపిస్తే ఎవరైనా రావచ్చు, కెప్టెన్ వద్దంటే మాత్రం కుదరదు అన్నారాయన. అందుకని నాకు మంచి బూట్లూ, మాట వినే పెడల్సూ కావాలి. ఆ కొండ ఎక్కి దిగి, అదే సిగ్నల్ దగ్గర, అదే జనం ముందు, ఆ మాట మీ అన్నయ్యకి తిరిగి అప్పజెప్పాలి. ఇంకేమీ వద్దు నాకు.

మోచేతి కట్టుతో,
మీ వదిన

ఫిబ్రవరి 12

వదినకి,

నీ ఉత్తరం చదివి గోడౌన్‌లోకి వెళ్ళి ఖాళీ అట్టపెట్టెని ఒక్క తన్ను తన్నాను. సైకిళ్ళ షాపులో పనిచేస్తే ఇదొక సుఖం, తన్నడానికి పెట్టెలకి కొదవ లేదు.

వాడు ఇవాళ కొత్తగా అలా తయారవలేదు. మా ఇంట్లో ఏది రెండు వచ్చినా ముందు అన్నయ్య ఏరుకోవాలి. అది అమ్మ పెట్టిన రూలు. రెండు గొడుగులొస్తే మెరిసేది వాడిది, మిగిలింది నాది. బూట్లయితే మరీ ఘోరం, ఇద్దరివీ నాన్న పాదాలే, ఒకటే అచ్చు, ముందు వెడల్పు వెనక సన్నం. అందుకని వాడు విడిచినవి నాకు సరిగ్గా సరిపోయేవి.

సైకిళ్ళు రెండొచ్చాయి ఒకసారి. కొత్తది వాడేసుకున్నాడు. పాతదాని మీద నేను వాడిని రోజూ దాటేసేదాన్ని, వాడికి నా వీపే కనిపించేది. ఉడుక్కునేవాడు. ఒకరోజు వీధి చివర మలుపులో తనంతట తనే గోడకి గుద్ది చక్రం వంకర చేసుకున్నాడు. ఇంటికొచ్చి నేను అడ్డం వచ్చానని చెప్పాడు. ఆడపిల్ల రోడ్డు మీద తొక్కితే ఇలాగే అవుతుందని కూడా చెప్పాడు. నాన్న నా సైకిల్ తీసి వాడికిచ్చారు. నేను నడిచాను, కాలేజీ అయ్యేదాకా నడిచాను. నేనది మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

సరే, పనిలోకి వద్దాం. బూటు ఎప్పుడూ సాయంత్రం కొలవాలి. పొద్దున్న పాదం వేరు, రోజంతా నిలబడ్డాక పాదం వేరు. సైకిల్ తొక్కితే ఇంకా ఉబ్బుతుంది. నువ్వు షాపు నుంచి రాగానే కాగితం మీద నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీసి పంపు. వేళ్ళు పక్కపక్కన హాయిగా పడుకోవాలి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. మడమ మాత్రం లేవకూడదు. చూడ్డానికి ఎలా ఉందన్నది చిట్టచివరి సంగతి.

అన్నయ్యది కొలవక్కర్లేదు, నాకు తెలుసు. మీ ఇద్దరి పాదాలదీ ఒకటే పొడుగని పెళ్ళిలో అందరూ నవ్వారుగా. మీ పెళ్ళిరోజు వస్తోంది, ఇద్దరికీ నేనే పంపిస్తాను.

ఇంకా ఉడికిపోతున్న,
పిట్ట

మార్చి 1

పిట్టమ్మగారికి,

మీ పెట్టెలు రెండూ అందినవి. చాలా సంతోషం.

ఇదా నువ్వు చేసే పని? ఒక పెట్టెలో నిగనిగలాడే ఎర్ర బూట్లు, మొన దేరి, పక్కన వెండి గీత. రెండో పెట్టెలో నల్లగా, ముందు వెడల్పుగా, ఆసుపత్రిలో కాలు విరిగిన వాళ్ళకి తొడిగేలాంటివి. పేరు కూడా రాయలేదు. రాయనక్కర్లేదు కదా, ఎర్రవి అన్నయ్యకి, మిగిలింది వదినకి. ఎంతైనా రక్తం రక్తమే. నీ సైకిల్ కథ చదివి ఏడ్చినందుకు నన్ను నేను అనుకోవాలి.

మీ అన్నయ్య నవ్వుతూ ఎర్ర పెట్టె మీదకి చెయ్యి చాచాడు. "మా పిట్టకి నా టేస్టు తెలుసు" అన్నాడు. నాకేమైందో తెలీదు. పెళ్ళయ్యాక మొదటిసారి, నా చెయ్యి ముందు పడింది.

"ఇవి నావి" అన్నాను.

"సరదాకా?"

"కాదు. నేను ముందు తీసుకున్నాను."

నోరు తెరుచుకుని చూశాడు. నల్లవి తీసుకెళ్ళి బాల్కనీలో పాత పేపర్ల మీద గిరాటేశాడు. నేను ఎర్రవి తొడుక్కుని హాల్లో ఇటు నుంచి అటు నడిచాను, టకటకమని.

తొక్కుతున్నాను కూడా. కొత్తవి కదా, కరుస్తున్నాయి. సగం దూరం వెళ్ళేసరికి చిటికెన వేలు ఉందో లేదో తెలియడం లేదు. ఇంటికొచ్చి విప్పితే పాదం నిప్పుల మీద నడిచినట్టు మండుతోంది. అయినా వదలను. వదులైతే అవుతాయి, లేకపోతే లేదు. నువ్వు పంపిన విస్తట్లో మిగిలింది తినేదాన్ని కాను నేను.

ఇట్లు,
మీ అన్నయ్యగారి భార్య

మార్చి 6

వదినా వదినా,

ముందు ఆ ఎర్రవి విప్పు. ఇది చదవడం ఆపి విప్పు.

అవి నీకు కాదు. నల్లవే నీవి. నీ పాదం గీసిన కాగితాన్ని షాపులో నేల మీద పరిచి, ఉన్న ప్రతి బూటునూ దాని మీద పెట్టి చూసి, మూడు కంపెనీలవి పక్కనపెట్టి ఏరిన జత అది. ఎర్రవి వాడికి పెట్టిన ఎర. ముందు భాగం సన్నం, అడుగు చెక్కలా గట్టిది. అలాంటి అడుగు వదులవడమనేది ఉండదు, అరిగిపోయేదాకా అంతే. ఇరవై నిమిషాలకి బాగానే ఉంటుంది, రెండు గంటలకి ప్రాణం తీస్తుంది. వాడు మెరిసేదే ఏరుకుంటాడని నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు చూశాను. కొండ రైడ్ రోజున నల్లవాటిలో నువ్వు, ఎర్రవాటిలో వాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. అదీ నా పథకం.

పెట్టెలో చీటీ పెట్టలేదు ఎందుకంటే పెట్టె వాడు విప్పుతాడని భయం. నీ షాపుకి విడిగా రాసి ఉండాల్సింది. నువ్వు వాడికంటే ముందు చెయ్యి పెడతావని నాకు కల్లో కూడా తట్టలేదు. మా ఇంట్లో ఎవరూ అలా చెయ్యలేదు ఎప్పుడూ. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పాదం చల్లనీళ్ళలో పెట్టు. చిటికెన వేలు రంగు మారిందా రాయి.

పిట్ట

మార్చి 14

పిట్టకి,

రంగు మారలేదు. మారి ఉంటే ఆ వేలు కోసి నీకే పార్సెల్ పంపేదాన్ని.

రెండు సంగతులు. మొదటిది కోపం. నీకు చెప్పకుండా అన్నయ్య ఏరుకున్నాడని ఇన్నేళ్ళు ఏడ్చావు. మరి నువ్వు చేసిందేమిటి? నాకు ఏది, ఆయనకి ఏది అని నన్ను అడక్కుండా నువ్వే ఏరావు. ఒక్క మాట చెప్పి ఉంటే నా కాళ్ళు ఇలా అయ్యేవి కావు. ఇంకో మాట కూడా అనేస్తాను. రోజంతా బూట్లు అమ్ముతావు, పెడల్సు బిగిస్తావు, కాని నువ్వు మాత్రం సైకిల్ ఎక్కవు. నీ పగ నా కాళ్ళతో తీర్చుకుంటున్నావు పిట్టా. ఇది నాకు నచ్చలేదు.

రెండో సంగతి కోపం కంటే పెద్దది. మీ అన్నయ్య బాల్కనీలోంచి ఆ నల్లవి తెచ్చుకున్నాడు. తను వేసుకునేవి చిరిగాయి, వేరే గతి లేక ఒక ఆదివారం వేసుకున్నాడు. తిరిగొచ్చి వాటిని తుడిచి లోపల పెట్టుకున్నాడు. మళ్ళీ ఆదివారం కూడా అవే వేసుకున్నాడు. ఇప్పుడు ఊరి బయటి గుట్ట ఈల వేసుకుంటూ ఎక్కుతున్నాడట, పళ్ళ డాక్టరుగారు చెప్పారు. "కెప్టెన్ కాళ్ళకి ఏదో మందు రాసినట్టున్నారు" అని నవ్వారాయన. ఆ మందు నువ్వు నా కోసం ఏరిన జత. నేనిక్కడ కుంటుకుంటూ అద్దాలు అరగదీస్తున్నాను, ఆయన నా బూట్లలో రాజ్యం ఏలుతున్నాడు.

ఆయన పెడల్సు వెనక స్క్రూ ఒకటి ఉంటుందట కదా, బిగిస్తే కాలు ఊడి రాదట. అది నేను బిగించేస్తే?

మీ వదిన

మార్చి 20

వదినకి,

ముందు నీ మొదటి సంగతి. నువ్వన్నది నిజం. ఉత్తరం వచ్చిన రోజు షాపులో ఎవరి కాలు పట్టుకున్నా నీ మాటే గుర్తొచ్చింది. తప్పు నాది, ఇక నుంచి అడగకుండా నీ తరఫున ఏదీ ఏరను.

స్క్రూ జోలికి మాత్రం వెళ్ళకు. వాడి ముక్కు కిందికి దిగాలి, ఎముకలు విరక్కూడదు. పైగా నువ్వు బిగించక్కర్లేదు, వాడి స్క్రూ ఎప్పుడూ ఆఖరు దాకా బిగించే ఉంటుంది. వదులు పెడల్సు ఆడవాళ్ళకట, నాకే చెప్పాడు ఒకసారి. వాడిది వాడికే వదిలెయ్.

నీది మాత్రం పూర్తిగా వదులు చెయ్. బూటు అడుగున క్లీట్‌ని కాస్త వెనక్కి జరుపు, వేళ్ళ మీద బరువు తగ్గుతుంది. గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, మడమ బయటికి తిప్పి కాలు తియ్యి, మళ్ళీ తగిలించు. బుర్రకి కాదు, కాలికి అలవాటవ్వాలి. సిగ్నల్ ఎర్రబడ్డాక కాదు, పడుతుందేమో అనిపించినప్పుడే ఒక కాలు తీసేసుకోవాలి. ఆగాక తీద్దామనుకున్న వాళ్ళే పడతారు.

ఇక నల్లవి నీ కాళ్ళ దగ్గరికి ఎలా రావాలన్నది. ఈసారి నేను చెప్పను, అడుగుతున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేశావు. ఆ మనిషికి ఏది కావాలనిపిస్తుంది?

పిట్ట

మార్చి 27

పిట్టకి,

నేను వదలనన్నది కావాలనిపిస్తుంది. అంతే. నువ్వు అడిగావు కాబట్టి నాకు తట్టింది, చెప్పి ఉంటే తట్టేది కాదు.

ఎర్రవి తొడుక్కోవడం మానేసి, తుడవడం మొదలుపెట్టాను. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో రోజూ తుడిచి హాల్లో అందరికీ కనిపించేలా పెడుతున్నాను. క్లబ్బుకి కొత్త చొక్కాలొచ్చాయి, ఎర్రవే. పళ్ళ డాక్టరుగారు ఇంటికొచ్చినప్పుడు బూట్లు చూసి, "ఇవేసుకుని ముందు నడిస్తే ఫొటోలో ఎంత బావుంటుంది" అన్నారు. నేను చెప్పించింది కాదు, ఆయనంతట ఆయనే అన్నారు. మీ అన్నయ్య కాఫీ తాగుతూ బూట్ల వైపే చూస్తున్నాడు.

తర్వాత మెల్లగా కదిపాడు. "నువ్వెలాగూ చివర వస్తావు, నీకెందుకవి?"

"నేను ఇవ్వను" అన్నాను. గొంతు కాస్త వణికించాను. నాటకాల్లో వేషం వేసినా ఇంత బాగా చేసేదాన్ని కానేమో.

డాక్టరుగారి ముందు ఆగి, కాలు తీసి, తగిలించి చూపించాను. నా పేరు రాసుకున్నారు. మీ అన్నయ్య అడ్డం చెప్పలేదు. ఆయన ధ్యాసంతా వేరే చోట ఉంది.

గోడకి సైకిల్ రంగు అంటించిన,
మీ వదిన

ఏప్రిల్ 9

పిట్టకి,

కూర్చుని చదువు.

కొండ రైడ్ రోజు పొద్దున్నే లేచేసరికి మీ అన్నయ్య తయారై ఉన్నాడు. ఎర్ర చొక్కా, ఎర్ర బూట్లు. నల్ల జత గుమ్మం దగ్గర వదిలేసి ఉంది. "ఇవాళ్టికి నువ్వు అవేసుకో" అన్నాడు, దానం చేస్తున్నట్టు. నేను తల వంచుకుని సరేనన్నాను. నవ్వొస్తుందని వంచుకున్నాను.

పిట్టా, ఆ నల్లవాటి గురించి ఏం చెప్పమంటావు. కాసేపటికి కాళ్ళకి బూట్లున్నాయన్న సంగతే మర్చిపోయాను. కొండ సగంలో చిటికెన వేలు కదిపి చూశాను, కదిలింది.

కొండ ఎక్కేటప్పుడు ఆయనే ముందు. పైన మాత్రం ఫొటో కోసం ఆగినప్పుడు బూట్ల బిగింపు పూర్తిగా వదులు చేసుకుంటున్నాడు, ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతున్నాడు. దిగేటప్పుడు ఎండ ఎక్కింది. తొక్కడం ఆపి కాళ్ళు విదిలించబోతే బూట్లు పెడల్సుకే అతుక్కుని ఉన్నాయి, విదిలించడానికి లేదు. నేను ఆయన వెనకే ఉన్నాను. దాటలేక కాదు. చూడాలని.

పెద్ద సిగ్నల్. దూరం నుంచే ఎడమ కాలు తీసేసుకున్నాను. లైటు ఎర్రబడింది. మీ అన్నయ్య బ్రేకు వేశాడు. మడమ తిప్పాడు, తిప్పాననుకున్నాడు. తిమ్మిరెక్కిన పాదం తిరిగిందో లేదో ఆయనకేం తెలుస్తుంది? సరిగ్గా నేను పడ్డ చోటే, నేను పడ్డట్టే, మెల్లగా ఒరిగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ కదా. పక్కన ఈసారి కూడా ఒక బస్సు ఉంది. నేను కాలు కింద పెట్టి నిలబడ్డాను. ఆయనకి మోచెయ్యి తప్ప ఏమీ గీరుకోలేదని చూసుకున్నాను ముందు. అప్పుడు అడిగాను, తీరిగ్గానే అడిగాను.

"రోడ్డుకేమైనా దెబ్బ తగిలిందా?"

అప్పుడు నవ్వారు. డాక్టరుగారైతే పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. మీ అన్నయ్య కింద పడున్నవాడు పడున్నట్టే నా వైపు చూశాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఆ పంట ఎలా ఉంటుందో ఆయన మొహంలో చూశాను. నాకు హాయిగా అనిపించింది. జాలి పడ్డానని రాస్తే బావుంటుందేమో కాని, పడలేదు. పచ్చలైటు పడగానే వెళ్ళిపోయాను.

ఇంట్లో బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లబడ్డాయి. అందులో గోరుచుట్టు మీద రోకటిపోటు, వీడియో ఎవరో గ్రూపులో పెట్టారు. నేను కాదు. కాళ్ళు తుడుచుకుంటూ, "నల్లవి నాకిస్తావా?" అన్నాడు. ఆ మనిషి ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి, ఎప్పుడూ తీసుకోవడమే కదా.

ఇవ్వనన్నాను. అయితే నీ షాపుకే వస్తాడట, అలాంటి జత కొనుక్కోవడానికి. నీకు ముందే చెబుతున్నాను.

నా సంగతి తీరింది. నీది నీ చేతుల్లో ఉంది. చేతుల్లో కాదులే, కాళ్ళల్లో.

మీ వదిన

ఏప్రిల్ 18

వదినకి,

వచ్చాడు. చెప్పులేసుకుని వచ్చాడు, బూట్లు తొడిగే స్థితి లేదు. షాపులో జనం ఉంటే బెంచీ మీద తన వంతు కోసం కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

సాయంత్రం దాకా కూర్చోబెట్టాను, పాదం సాయంత్రమే కొలవాలి కదా. కొలిచాను. నాన్న పాదాలే. గోళ్ళు చూస్తే నాకూ జాలి రాలేదు. ఎర్రవి ఎందుకు పంపానో అప్పటికి వాడికి అర్థమైనట్టే ఉంది.

"కావాలనే పంపావు కదూ" అన్నాడు.

"రెండు పంపాను. ఏరుకుంది నువ్వు" అన్నాను.

"ఆ సైకిల్ సంగతి నువ్వింకా మర్చిపోలేదు."

"నువ్వు మర్చిపోయావనుకున్నాను. గుర్తుందన్నమాట."

మాట మార్చాడు. నల్లవి చూపించమన్నాడు. ఆ వెడల్పులో, మన సైజులో, షెల్ఫులో ఒక్క జతే ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టాను. వాడు అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు. వదినా, నువ్వు రాసింది నిజం. ఏమైందో తెలీదు, నా చెయ్యి ముందు పడింది.

"ఇది అమ్మేశాం" అన్నాను.

"ఎవరికి?"

"నాకు."

నా కాళ్ళ వైపు చూశాడు. "నువ్వు తొక్కవుగా."

"ఎర్రవి ఇంకో జత ఉన్నాయి, తియ్యమంటావా?" అన్నాను. తియ్యమనలేదు. బస్సు టైమైందని లేచాడు.

నిన్న సాయంత్రం షాపు వెనక సందులో గోడ పట్టుకుని నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. రోడ్డుకేమీ కాలేదు. మూడోసారి గోడ వదిలేసి సందు చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి వచ్చాను. కాళ్ళకి అన్నీ గుర్తున్నాయి.

డాక్టరుగారితో చెప్పి వచ్చే ఏడాది కొండ రైడ్‌కి నా పేరు కూడా రాయించు. కెప్టెన్‌కి చెప్పకు. నువ్వు వాడు పడడం చూడాలని వెనక ఉన్నావు. నాకా సరదా లేదు. వాడికి నా వీపు కనబడాలి, కొండ పొడుగునా.

పిట్ట